తొట్టి కారుచున్నదా?

ఈనాటి మా ప్రసంగము మరుగుదొడ్డిలోని నీటితొట్టిని గూర్చి. విషయము చెవిని పడినంతనే కొందరు శ్రోతలు రేడియో చప్పుడు తగ్గింతురని మేమెరుగుదుము. సంగీతము, సాహిత్యము వినిపించు చోట ఈ దొడ్డిదారి ప్రస్తావన యేమని అడుగువారును ఉందురు. అయినను ప్రతిదినము ఇంటిల్లిపాది చేతను పలుమారులు పని చేయించుకొను యంత్రమొకటి ఉండగా, అది ఎట్లు పని చేయునో ఇంటిలో ఎవరికిని తెలియకపోవుట వింత గదా. గడియారము ఆగినచో విప్పి చూచువారు కలరు. రేడియో మూగవోయినచో వెనుక అట్ట తీసి చూచువారు కలరు. తొట్టి మూత ఎత్తి చూచినవారు మాత్రము అరుదు.

దీనికి కారణము తెలియకపోవుట ఒక్కటే కాదు. ఆ గదిలోని వస్తువేదైనను మైల అను భావము మనలో బలముగా నాటుకొనియున్నది. కాని తొట్టిలో నుండు నీరు ఏ నీరు? వంటయింటి నల్లాకు వచ్చు నీరే. అదే టాంకి, అదే గొట్టము. తొట్టినుండి నీరు క్రిందికి పోవునే గాని, క్రిందినుండి తొట్టిలోనికి ఏదియు ఎక్కి రాదు. రెంటికిని నడుమ గొట్టము నిడివి, గాలి ఉన్నవి. పాను క్రింద వంపు తిరిగిన గొట్టములో సదా నిలిచియుండు నీరు దుర్వాసనను సైతము పైకి రానీయదు. ఆ వంపును 1775లో అలెగ్జాండరు కమ్మింగ్ అను గడియారముల పనివాడు లండనులో పేటెంటు చేయించెను. కనుక తొట్టిలో చేయి పెట్టుట బిందెలో చేయి పెట్టుటయే. ఈ ఒక్క మాట మనస్సున పట్టినచో తక్కిన ప్రసంగమంతయు సులువు.

వరంగల్లు కొత్తవాడ అనగానే జంపఖానాలు జ్ఞప్తికి వచ్చును. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇటువంటి నేతవాడలో ఇల్లనగా కాపురమును, కార్ఖానాయును ఒక్క కప్పు క్రిందనే. గోడకు ఈవల మగ్గము, ఆవల స్నానపు గది ఉన్న ఇండ్లు కలవు. నేతకు గాలిలో కొంత చెమ్మ మేలు చేయును. ఎండు గాలిలో పడుగు పోగులు తెగును. గుంట మగ్గమును పూర్వులు నేలలోనికి దించుటకు అదియు నొక కారణమే. కాని గాలిలోని చెమ్మ వేరు, గుంటలోని ఊట వేరు. నేలలోనుండి నీరు ఊరినచో కొయ్య ఉబ్బును, నేసి చుట్టిన బట్ట అడుగున బూజు పట్టును, గుంటలో కాళ్ళు పెట్టి దినమెల్ల కూర్చుండువాని మోకాళ్ళు పట్టుకొనును. అందుచేత ఇటువంటి ఇంట మరుగుదొడ్డి కారుడు నీటి ఖర్చుతో పోవునది కాదు. బ్రతుకుతెరువును తాకును.

తొట్టి నిర్మాణమును గూర్చి యంత్రశాస్త్రము చెప్పబోము. వరంగల్లు ప్రాంతపు వారికి ఆ అవసరము లేదు. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులను చూచినవారికి ఈ తొట్టి కొత్త వస్తువు కాదు. కాకతీయుల కాలమునుండి ఈ నేలమీద చెరువు అనగా నాలుగు అంగములు: నీరు వచ్చు కాలువ, నీటిని నిలుపు కట్ట, అవసరమైనపుడు విడుచు తూము, నిండి పొర్లునపుడు కట్ట తెగకుండ నీటిని దాటించు మత్తడి. వీటి నన్నిటిని కనిపెట్టుకొని యుండుటకు ఊరిలో ఒక నీరటికాడు.

ఇప్పుడు తొట్టి మూత ఎత్తుడు. ప్రక్కనుండి సన్నని గొట్టము ద్వారా నీరు వచ్చుచున్నది, అది కాలువ. తొట్టి గోడలే కట్ట. అడుగున రంధ్రమును కప్పుకొని రబ్బరు బిళ్ళయొకటి ఉన్నది. మీట నొక్కినపుడు అది పైకి లేచి నీటిని విడుచును. అది తూము. నడుమ నిలువుగా నిలిచిన బోలు గొట్టమొకటి కనబడును. నీరు మితిమీరి పెరిగినచో ఆ గొట్టపు నోటిలో పడి పానులోనికి పోవును గాని నేలమీద పొర్లదు. అది మత్తడి. ఇక నీటిపై తేలుచు, నీటితోపాటు పైకి లేచి, నిండగనే కాలువను మూసివేయు బంతి కలదు; దానినే బాల్‌కాకు అందురు. అదియే ఈ చెరువు నీరటికాడు. జీతము లేదు, సెలవు లేదు. కొత్త తొట్లలో బంతికి బదులు చిన్న గిన్నె వంటి తేలుడు బిళ్ళ ఉండును. పని మాత్రము అదే.

చెరువు నీరు అకారణముగా తగ్గుచున్నదనిన ఊరిపెద్దలు ఏమి చూతురు? తూము కారుచున్నదా, కట్టకు బుంగ పడినదా, లేక కాలువ ఆగక మత్తడి దుంకుచున్నదా అని చూతురు. మనము చూడవలసినదియు అంతే. తొట్టి కారుటకు ఈ మూడు మార్గములు తప్ప నాలుగవది లేదు. చిక్కంతయు ఎక్కడ ననగా, తూము కారుట గాని, మత్తడి దుంకుట గాని మన కంటబడదు. నల్లా కారిన టపటప చప్పుడగును. గొట్టము పగిలిన గోడ తడియును. ఈ రెండు కారుళ్ళ నీరు మాత్రము పాను గోడవెంట అద్దమువలె పలుచగా జారి, వంపు దాటి, ఎవరికిని చెప్పకుండ పోవును. ఇంటివారు మోటారును అనుమానింతురు, టాంకిని అనుమానింతురు, ఒకరినొకరు అనుమానింతురు.

చూచుటకు ఉపాయము కలదు. మూత ఎత్తి, తొట్టి నీటిలో కొంచెము రంగు కలుపుడు. బిడ్డలు బొమ్మలకు వేయు నీటి రంగు చాలును, కలములో పోయు సిరా చాలును. కొత్తవాడలో రంగునకు కొదువ లేదు గాని, నూలుకు వేయు అద్దకపు రంగు మాత్రము వలదు. పింగాణీకి పట్టినచో వదలదు. రంగు కలిపిన పిదప అరగంట సేపు మీట నొక్కకుండ ఉండవలెను. అటుపిమ్మట పానులోనికి చూడవలెను. నీరు తెల్లగా నున్నచో తూము గట్టిదే. రంగు దిగినచో అది కారుచున్నదనుటకు వేరు సాక్ష్యమక్కరలేదు.

ఈ ప్రసంగమునకై మేము కొత్తవాడలో కొన్ని ఇండ్లకు పోయితిమి. ఒక ఇంట ముసలి అవ్వ మమ్ము చూడగనే, "మోటారు ఖరాబైంది సారూ, పొద్దుగాల నింపిన టాంకి మాపటికి ఖాళీ" అని మొదలుపెట్టినది. పిమ్మట గొంతు తగ్గించి, "మోటారుదేం తప్పు తియ్యి, మా కోడలు నల్లా ఇప్పిపెట్టి మరుస్తది" అన్నది. కోడలు తలుపు చాటున విన్నది. మాట పెగల్చలేదు గాని ముఖము చూచినచో ఆ నింద నేటిది కాదని తెలిసినది. నల్లా వచ్చునపుడు సంపు నింపుకొనుట, మోటారు వేయుట, నీరు అయిపోయినచో మాట పడుట, ఇవన్నియు ఆ ఇంట ఆమె వంతే. మేము మనుమని రంగుల పెట్టెలోని నీలిరంగు అడిగి తీసికొని తొట్టిలో కలిపితిమి. అరగంట యగునప్పటికి పాను గోడకు నీలి చారలు దిగినవి. అవ్వ వంగి చూచినది. చూచి, కోడలివైపు తిరిగి, "ఏమే బిడ్డా, జర చాయ పెట్టరాదూ సార్లకు" అన్నది. క్షమాపణ మాట ఆమె నోట రాలేదు. ఆ పిలుపులోనే ఇమిడిపోయినది కాబోలు. టీ మాత్రము బాగుగనే ఉన్నది.

కారుడు ఎంత యన్నది కూడ ఎవరి ఇంట వారే లెక్కించుకొనవచ్చును. గొట్టము మొదట గోడవద్ద నుండు చిన్న నల్లాను, అనగా ఆంగిలు కాకును, మూసివేయవలెను. లోపల నీటిమట్టమున పెన్సిలుతో గీత గీయవలెను. ఒక గంట తరువాత నీరు ఎన్ని సెంటీమీటర్లు దిగినదో చూడవలెను. సాధారణమైన తొట్టి లోపల నిడివి 40, వెడల్పు పండ్రెండున్నర సెంటీమీటర్లు అనుకొందము. అపుడు ఒక్క సెంటీమీటరు దిగుట అనగా అర లీటరు పోవుట. గంటకు ఐదు సెంటీమీటర్లు దిగినచో రెండున్నర లీటర్లు. దినమునకు 60 లీటర్లు. నెలకు 1,800 లీటర్లు. ఇంటిపైన 500 లీటర్ల టాంకి ఉన్నచో మూడు నిండు టాంకులును, నాలుగవదానిలో సగమునకు పైగాను ఒక రబ్బరు బిళ్ళ అంచునుండి జారిపోయినవన్నమాట. నల్లా విప్పియున్నపుడు తొట్టి సదా నిండుగనే యుండును గాన నిజమైన నష్టము దీనికి కొంచెము ఎక్కువయే గాని తక్కువ కాదు.

ఈ 60 లీటర్లను మరియొక లెక్కతో పోల్చి చూడవచ్చును. భూగర్భ మురుగుకాలువలు లేని పట్టణములలో కుళాయి నీరు మనిషికి దినమునకు 70 లీటర్లు చొప్పున సమకూర్చవలెనని 1999 నాటి కేంద్రప్రభుత్వపు నీటిసరఫరా నియమావళి చెప్పెను. అనగా పైన చెప్పిన తొట్టి ఇంచుమించు ఒక మనిషి వాటాను త్రాగుచున్నది. రేషను కార్డులో పేరు లేని మనిషి.

గీత పరీక్షతో మరియొక లాభము కలదు. కాకు మూసియుండగా నీరు దిగినచో దోషము తూముది. కాకు మూసియుండగా నీరు కదలక, కాకు విప్పగనే మట్టము మత్తడి గొట్టపు నోటివరకు ఎక్కి అందులోనికి జారుచున్నచో దోషము తూముది కాదు, నీరటికానిది. ఇది తెలియక పలువురు బాగున్న బిళ్ళను మార్చి, దుకాణదారుని తిట్టుదురు.

ముందుగా నీరటికాని సంగతి. బంతిని చేతితో మెల్లగా పైకి ఎత్తి చూడుడు. ఎత్తగనే నీటి రాక ఆగినచో వాల్వు బాగుగనే ఉన్నది; బంతి తగినంత ముందుగా మూయుట లేదు, అంతే. బంతికి ఇత్తడి కాడ ఉన్నచో దానిని ఒకింత క్రిందికి వంచిన చాలును. కొత్త రకములలో మరయొకటి ఉండును, దానిని త్రిప్పవలెను. నీటిమట్టము మత్తడి గొట్టపు నోటికి ఒక అంగుళము దిగువన నిలుచునట్లు సవరించుకొనవలెను. ఒక్కొక్కప్పుడు బంతికే చిల్లుపడి, లోపల నీరు చేరి, అది తేలుట మానివేయును. విప్పి చెవివద్ద ఊపినచో గలగల వినవచ్చును. దానికి మందు లేదు, మార్చుటయే.

బంతిని ఎత్తినను నీరు ఆగనిచో లోపలి వాసరు చెడినదనుకొనవలెను. బోరు నీరు వాడు ఇండ్లలో ఇది తరచు. వరంగల్లు చుట్టుప్రక్కల రాతినేలలోని బోరు నీటిలో ఖనిజలవణములు హెచ్చు. అవి వాల్వు నోటిమీద తెల్లని పొరగా పేరుకొని వాసరును సరిగా కూర్చుండనీయవు. ఆంగిలు కాకు మూసి, వాల్వు విప్పి, ఆ పొరను నిమ్మరసముతో నాననిచ్చి పాత పండ్లకుంచెతో తోమవలెను. వాసరు గట్టిపడి గాడి పడియున్నచో, పాతదానిని జేబులో వేసికొని దుకాణమునకు పోవుట మేలు. "ఆ మాదిరిదే ఇయ్యి" అని నోటితో చెప్పి తెచ్చిన వాసరు సరిపోయిన సందర్భములు మాకు తెలిసి మిక్కిలి తక్కువ.

తూము దోషములలో సులువైనది ఇసుక. వానకాలమున కుళాయి నీటితో వచ్చు సన్నని మన్ను తొట్టి అడుగున దిగును. ఒక రేణువు బిళ్ళకును, దాని పీఠమునకును నడుమ చిక్కినచో అంతే చాలు. తొట్టిని ఖాళీ చేసి అడుగు తుడిచి, పీఠపు అంచును గుడ్డతో చుట్టును తుడిచినంతనే సగము తొట్లు బాగుపడును. రెండవది గొలుసు. మీటకును బిళ్ళకును నడుమ గొలుసు ఉన్న రకములలో అది బిగుసుగా నున్నచో బిళ్ళ పూర్తిగా వాలదు. మరీ వదులుగా నున్నచో బిళ్ళ క్రింద తానే ఇరుకుకొనును. ఒకటి రెండు కొలుకుల వదులు ఉండిన చాలును. మూడవది బిళ్ళ ముదిమి. రబ్బరునకు ఆయువు కొన్ని ఏండ్లే. వ్రేలితో రుద్దిన నల్లని మసి అంటినచో, అంచు వంకర తిరిగినచో దానిని మార్చవలసినదే.

ఇచ్చట ఒక హెచ్చరిక. తొట్టిలో వేసిన నీటికి నీలిరంగు, పరిమళము వచ్చుననియు, క్రిములు నశించుననియు చెప్పి అమ్ము మందుబిళ్ళలలో కొన్నిటియందు క్లోరిను ఉండును. అది రేయింబవళ్ళు రబ్బరును నానబెట్టి గుల్ల చేయును. పాను కడుగు ఆమ్లమును తొట్టిలో పోయుట అంతకన్న కీడు. ఇక ఆమ్లమును, బ్లీచింగు పౌడరును ఒకేచోట కలుపుట ప్రాణాపాయము. ఆ కలయికనుండి క్లోరిను విషవాయువు పుట్టును. మూసిన చిన్న గదిలో ఆ పని చేసి స్పృహ తప్పుటయు కలదు. ఈ వాక్యమును మాత్రము పరధ్యానముగా వినవలదని శ్రోతలను కోరుచున్నాము.

అడుగు బిళ్ళయే లేని తొట్టియు ఒకటి కలదు. పూర్వము గొలుసు లాగిన ఘోషించుచు దిగు ఇనుప తొట్లు ఎత్తున గోడకు ఉండెడివి. వాటిలోను, కొన్ని ప్లాస్టికు తొట్లలోను ఉన్నది సైఫను. నీటిని ఒక గంట వంటి మూత క్రిందినుండి వంపు దాటించి దూకించినచో, ఆ దూకిన నీరు తన వెనుకనున్న నీటినంతను లాగికొనిపోవును. తొట్టి ఖాళీయై గాలి చొరగనే ఆగును. తూము అనునది మట్టమునకు దిగువన లేదు గనుక రబ్బరు పాడై నీరు జారుట యను సమస్య అందు లేదు. అందుచేతనే ఇంగ్లండులో దీనికి నీటివృథా నివారిణి అను పేరు వచ్చినది.

ఆ దేశపు కథలో వరంగల్లువారికి తగులు వింత యొకటి ఉన్నది. 1851లో లండను స్ఫటిక సౌధమున జరిగిన మహాప్రదర్శనమునకు వరంగల్లు తివాచీలు పోయినవి. వాటి నేత సన్నదనమును చూచి పారిశ్రామిక కళల పండితులు మెచ్చుకొనిరి. అదే ప్రదర్శనమున జార్జి జెన్నింగ్సు అను పనివాడు ప్రజలకొరకు నీటితో కడుగబడు మరుగుదొడ్లను నెలకొల్పెను. తలకు ఒక పెన్నీ చొప్పున చెల్లించి ఎనిమిది లక్షలకు పైబడిన జనము వాటిని వినియోగించుకొనిరి. మన చేనేత ప్రపంచమునకు తెలిసిన చోటనే, ఈ దొడ్డియు జనసామాన్యమునకు తెలిసినది. ఆ దొడ్డి మన వాడలలోని ప్రతి ఇంటికి చేరుటకు మాత్రము నూటయేబది సంవత్సరములకు పైగా పట్టినది.

ఇంగ్లండులో చాలకాలము సైఫను తొట్లనే చట్టము అనుమతించెను. 2001 నుండి అడుగు వాల్వు తొట్లను కూడ అనుమతించిరి. నీరు తక్కువగా వాడుటకు అవి అనుకూలమని వాదము. తరువాత అచ్చటనే వాటర్‌వైజ్ అను సంస్థ, దేశములో కారు తొట్లవలన దినమునకు నలుబది కోట్ల లీటర్లు పోవుచున్నదని అంచనా వేసినది. పొదుపునకై తెచ్చిన వస్తువే కారుచున్నపుడు పొదుపు ఎటు పోయినట్లు? మన బజారులలో ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోవునవి ఈ అడుగు వాల్వు తొట్లే. పాత తొట్టి ఒక్కసారికి 10 లీటర్లు విడిచెడిది. కొత్తవి పెద్ద మీటకు 6, చిన్న మీటకు 3 లీటర్లు విడుచును. అవి మేలైనవే, సందేహము లేదు. కాని వాటి మేలంతయు ఆ బిళ్ళ అంచుమీద ఆధారపడియున్నది.

కట్టకు పడు బుంగలు, అనగా బయటికి కారు కారుళ్ళు, కంటబడునవే గనుక క్లుప్తముగా చెప్పుదుము. మీట నొక్కినపుడు మాత్రమే నేల తడియుచున్నచో తొట్టి గొట్టము పానులో చేరుచోట నుండు రబ్బరు తొడుగు పగిలినదని గ్రహింపవలెను; కొత్తది తొడిగిన చాలును. సదా తడియుచున్నచో నీరు తెచ్చు సన్నగొట్టపు మరల వద్ద చూడవలెను. పూర్వము అచ్చట సఫేదా, జనపనార చుట్టెడివారు. ఇప్పుడు తెల్లని టేపు వచ్చినది. మర బిగియు దిశలోనే చుట్టవలెను, ఎదురు చుట్టినచో బిగించునపుడు ఊడివచ్చును. పానా పట్టినవారికి బలము చూపవలెనను ఉబలాటము కలుగుట సహజము. పింగాణీ ముందు ఆ ఉబలాటము వలదు. చేతితో బిగించి, పిదప పావు చుట్టు మాత్రము పానాతో త్రిప్పిన చాలును. అంతకు మించినచో వాసరు కొనబోయినవాడు తొట్టి కొనవలసి వచ్చును. నేల తడియుటయే గాక దుర్వాసనయు ఉన్నచో, కారుచున్నది పాను వెనుకనో క్రిందనో నున్న మురుగు కీలు. దానిపై తెల్ల సిమెంటు పూసి కప్పిపెట్టుట వలన వాసన అడగును గాని నీరు నేలలోనికి పోవుచునే ఉండును. అది తాపీపనివాడును, ప్లంబరును కలిసి చేయవలసిన పని. మగ్గపు గుంటకు ఊట వచ్చు ఇండ్లలో ముందు చూడవలసినది ఈ కీలునే.

కారిన నీరు ఎక్కడికి పోవుచున్నదన్నది మిగిలియున్నది. వరంగల్లులో ఇండ్ల అధికభాగమునకు మురుగు చేరునది సెప్టిక్ టాంకునకు. ఆ టాంకు పని నిదానము. లోపలికి వచ్చిన నీరు ఒక దినమైనను కదలక నిలిచినచో బరువైనది అడుగున మడ్డిగా దిగును, తేలికైనది పైన తెట్టెగా కట్టును, నడుమనున్న తేరిన నీరు మాత్రము బయటికి పోవును. అడుగున సూక్ష్మజీవులు మడ్డిని జీర్ణము చేయును. తొట్టి దినమునకు 60 లీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు పలురెట్లు శుభ్రమైన నీటిని ఊరక పంపుచున్నచో ఆ నిలుకడ తగ్గును. తేరకముందే మురికి బయటికి నెట్టబడును. ఇంకుడుగుంట ఉన్న ఇంట అది పూడుకొని పొర్లును. లేని ఇంట నీరు వీధికాలువలోనికి దిగును. అనగా ఒక ఇంటి తొట్టి కారుడు ప్రక్క ఇంటి గడపముందు కంపు. ఇరుకు వీధులలో తగవులు ఎట్లు పుట్టునో వేరుగా చెప్పనక్కరలేదు. కారణము తొట్టి మూత క్రింద ఉన్నదని ఇరుపక్షములకును తెలియదు.

టాంకు త్వరగా చెడినచో త్వరగా తోడించవలసియుండును. రక్షణసాధనములు లేక మనిషిని సెప్టిక్ టాంకులోనికి దింపి శుభ్రము చేయించుటను 2013 నాటి చట్టము నేరమని చెప్పినది. 2014లో వరంగల్లు నగరపాలక సంస్థ ఈ మడ్డిని తోడి, తరలించి, శుద్ధి చేయు విషయమై నియమములు ఏర్పరచినది. మన దేశమున అట్టి నియమములు చేసిన తొలి నగరములలో వరంగల్లు ఒకటి. కనుక యంత్రపు బండిని పిలిపించవలెను. "ఇద్దరు మనుషులను దింపుదుము, రేటు తక్కువ" అని వచ్చువానిని గుమ్మమునుండియే పంపివేయవలెను. టాంకులోని వాయువులవలన ప్రాణములు పోయిన వార్తలు మనము ఇప్పటికిని వినుచున్నాము. మూత క్రింది రబ్బరు బిళ్ళకును, ఆ వార్తలకును ఎంత దూరమున్నదో శ్రోతలే యోచింతురు గాక.

ఇక పని ముగించు పద్ధతి. మరమ్మతు చేసిన వెంటనే తొట్టి బాగుపడినదని ఎవరును అనుకొనరాదు. కొత్త బిళ్ళ పీఠముమీద సర్దుకొనుటకు రెండు మూడు మారులు మీట నొక్కవలెను. రాత్రి అందరును పరుండిన తరువాత ఆంగిలు కాకు మూసి, నీటిమట్టమున పెన్సిలుతో గీత గీసి, ఒక చుక్క రంగు వేసి మూత పెట్టవలెను. మార్చినదేమో, ఏ తేదీన మార్చితిమో మూత లోపలివైపున వ్రాసిన తరువాతి వారికి ఉపకరించును. తెల్లవారి మొదట లేచినవారు మీట నొక్కకముందే చూడవలెను. నీరు గీతమీదనే నిలిచి, పానులో రంగు లేనిచో కాకు విప్పి, రంగుల పెట్టెను పిల్లవాని పుస్తకముల సంచిలో మరల పెట్టవచ్చును.